మూత పెట్టి తీసిన ఇరవై నాలుగు ఫోటోలు

హోటల్ లాండ్రీ వెనక గది,
డిసెంబర్ 2

గడియారాల మాస్టారికి నమస్కారాలు.

నేనెవరో మీకు తెలియదు. మా అమ్మాయి దగ్గరున్న రెండు చెక్కల పరికరం వెనకవైపు 'అరనిమిషం పిల్లకి' అని చెక్కి, కింద మీ కొట్టు చిరునామా ఉంది. ఆ పిల్ల తల్లిని నేను. మీకు చెవులు వినపడవని, ఫోన్ చేసి లాభం లేదని అదే ఒకసారి అన్నది. అందుకని ఉత్తరం రాస్తున్నాను. నాలుగో తరగతి వరకే చదివాను. తప్పులుంటే దాటేసి చదువుకోండి.

చెప్పాల్సింది ముందే చెప్పేస్తాను. పిల్ల పోయింది. పోయిన నెల పన్నెండున. రాత్రి పంపుహౌస్ మేడ మీద ఫోటోలు తీసుకుని రెండింటికి ఇంటికొచ్చింది. నిద్రమత్తులో తలుపు తీశాను. "నువ్వు పడుకో అమ్మా, గడియ నేను వేస్తాలే" అంది. పొద్దున లేపితే లేవలేదు. తలలో నరం చిట్లిందన్నారు. ఇరవై మూడేళ్లు. మందుల షాపులో నిలబడి, ఎవరు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో అట్ట మీద రాసిచ్చే పిల్ల.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్నడిగింది, "ముందు రోజు ఎక్కడైనా తడబడిందా? మాట తేడాగా వచ్చిందా? చేసే పని మధ్యలో మర్చిపోయిందా?" అని. లేదన్నాను. కానీ నేను సరిగ్గా చూశానా అని అప్పట్నుంచీ మనసు తొలిచేస్తోంది. ఆ వారం నాకు రెండు డ్యూటీలు. రోజుకి నూట ఇరవై దుప్పట్లు ఇస్త్రీ చేసి వచ్చి పడిపోయేదాన్ని. పంపుహౌస్ ఆపరేటర్ని అడిగాను. "ఎక్కింది, దిగింది, వెళ్లొస్తా అన్నా అని నవ్వింది, అంతేనమ్మా" అన్నాడు.

దాని ఫోన్ దాని వేలిముద్రకే తెరుచుకుంటుంది. మీతో అందులోనే రాసుకునేది కదా. నాకు ఒక్కటే తెలియాలి మాస్టారూ. ఆ రాత్రి అది బాగానే ఉందా? మీకేమైనా చెప్పిందా?

కెమెరా నా దగ్గరే ఉంది. లోపల కార్డులో ఆ రాత్రి తీసినవి ఉన్నాయి.

ఇట్లు,
ఆ పిల్ల తల్లి


గడియారాల కొట్టు,
డిసెంబర్ 9

అమ్మా,

మీ ఉత్తరం చదివి పట్టపగలు షట్టర్ దించేశాను. పక్కనున్న చెప్పుల కొట్టాయన పరిగెత్తుకొచ్చి ఏమైందని చేతులతో అడిగాడు. ఉత్తరం చేతికిచ్చాను. చదివి, నా పక్కనే స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఆయనకీ తెలుసు మీ అమ్మాయి.

ఆమె నాకెలా తెలుసో చెబుతాను. రెండేళ్ల కిందట మూడున్నర గంటలు బస్సులో వచ్చింది. మెడలో కెమెరా, పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ ఎవరో పాతబడిందని అమ్మేసినది. నా దగ్గరికొచ్చేవాళ్లు మాట్లాడితే కుదరదు, పలక మీద రాయాలి. ఆమె రాసింది: "నిమిషానికి సరిగ్గా ఒక్క చుట్టు తిరిగే స్క్రూ కావాలి." ఎందుకని అడిగాను. "భూమి తిరుగుతోంది. నేను దాన్ని వెనక్కి తిప్పుకోవాలి" అని రాసింది. నలభై ఏళ్ల కొట్టు నాది. ఆగిన గడియారాన్ని తిప్పమని వచ్చినవాళ్లే గానీ భూమిని తిప్పాలని వచ్చిన గిరాకీ ఆమె ఒక్కతే.

సంగతేమిటంటే, చీకటి ఆకాశం చాలా కొంచెం వెలుగిస్తుంది. కెమెరా కన్ను అర నిమిషమైనా తెరిచి ఉంచాలి. ఆలోగా చుక్కలు జరిగిపోయి గీతలుగా పడతాయి. అందుకని రెండు చెక్కల్ని తలుపు బందుతో కలిపి, మధ్యలో స్క్రూ బిగించి, పైచెక్క మీద కెమెరా పెట్టాం. పదిహేను సెకన్లకోసారి స్క్రూని పావు చుట్టు తిప్పుతూ ఉంటే కెమెరా చుక్కల వెంటే పోతుంది. పెద్దవాళ్లు దీనికి బోలెడు ఖరీదైన యంత్రాలు వాడతారు. పోనీ చిన్న మోటారైనా పెడతానన్నాను. "చెయ్యి ఉందిగా మాస్టారూ" అని రాసింది.

పలక మీద ఏదడిగినా ముందు 'అర నిమిషం' అని రాసి, ఆలోచించి, తర్వాత జవాబు రాసేది. ఆ పేరు అలా వచ్చింది. చెక్క పది రోజులు పడుతుందంటే "ఎన్నో మేకు దగ్గరున్నారు?" అని రోజూ కబురు పంపేది. నా శిష్యులెవరికీ లేని ఓపిక, నా శిష్యులెవరికీ లేని తొందర, రెండూ ఆమె దగ్గరే చూశాను.

ఆ కార్డు నాకు పంపగలరా? ఆమె రెండేళ్లుగా ఒకే బొమ్మ కోసం కూడబెడుతోంది, పాతవన్నీ నా కంప్యూటర్లోనే దాచింది. ఆ రాత్రివి కలిస్తే బొమ్మ పూర్తవుతుందనుకుంటాను. దాన్ని పూర్తి చేసి మీకివ్వడం తప్ప నేను చేయగలిగింది కనబడడం లేదు.

ఇట్లు,
గడియారాల పనివాడు


హోటల్ లాండ్రీ వెనక గది,
డిసెంబర్ 17

మాస్టారికి నమస్కారాలు.

నాలుగు పేజీలు రాశారు. నేను చూడని నా కూతుర్ని నాకు చూపించారు. అది పలక పట్టుకుని మీ ముందు నిలబడ్డం, మిమ్మల్ని సతాయించడం, అన్నీ కళ్లకు కట్టాయి. ఇస్త్రీ బల్ల దగ్గర తోటి ఆడవాళ్లకి చదివి వినిపించాను. కానీ నేనడిగిన ఒక్కదానికి మాత్రం అందులో జవాబు లేదు. మర్చిపోయి ఉంటారులెండి.

కార్డు పంపుతున్నాను. చిటికెన వేలి గోరంత ఉంది. దూదిలో చుట్టి సబ్బు పెట్టెలో పెట్టాను. జాగ్రత్త.

అందులోవి కెమెరా వెనక అద్దంలో నేనూ చూశాను. చుక్కలు, మధ్యలో నూనె చేత్తో తాకితే పడే మరకలాంటిదొకటి. ఏ ఫోటో చూసినా అదే మరక. అది బతికుండగా ఒకసారి అడిగాను కూడా. "అన్నీ ఒకటేగా, ఒక్కటి చాలదుటే?" అన్నాను.

"నువ్వు దుప్పటి మీద ఇస్త్రీ పెట్టె ఒక్కసారి పోనిస్తే ముడత పోతుందా అమ్మా?"

"ముడతని బట్టి."

"ఇది బాగా పాత ముడత" అంది. నవ్వి ఊరుకున్నాను. ఏమిటే అది, ఎంత దూరమే అని అడగలేదు. బియ్యం నానబెట్టానా లేదా అన్న ధ్యాసలో ఉన్నాను.

పనికిరానివి కొన్ని ఉంటే తీసేసి పంపుతున్నాను. పై మనిషి చేతికి వెళ్లే బట్ట శుభ్రంగా వెళ్లాలి కదా.

నేనడిగింది మర్చిపోకండి. ఆ రాత్రి అది బాగానే ఉందా?

ఇట్లు,
పిల్ల తల్లి


గడియారాల కొట్టు,
డిసెంబర్ 26

అమ్మా,

కార్డు క్షేమంగా చేరింది. రెండు వందల పన్నెండు చుక్కల ఫోటోలు. ఒక్కొక్కదాన్నీ కంప్యూటర్లో పెద్దది చేసి, భూతద్దం కూడా పెట్టి చూశాను. నాలుగు రోజులు పట్టింది. తిండి చల్లారిపోతోందని ఇంట్లోవాళ్లు పలక మీద తిట్లు రాసి చూపించారు.

అన్ని ఫోటోల్లోనూ చుక్కలు గుండ్రంగా ఉన్నాయి. ఈ మాట విలువ మీకు తెలియాలి. ఫోటోకి రెండుసార్ల చొప్పున నాలుగు వందల ఇరవై నాలుగు సార్లు స్క్రూ తిప్పింది. ఒక్కసారి తొందరపడినా, ఒక్కసారి పరధ్యానంలో పడినా అక్కడ చుక్క కోడిగుడ్డులా సాగుతుంది. సాగలేదు. నా వయసులో నేను కుర్చీలో కూర్చుని, దీపం కింద, గడియారం ముల్లుని కూడా అంత నిలకడగా తిప్పలేను.

మీరు మరక అన్నది మరక కాదు. దాన్ని దేవయాని అంటారు. మన చుక్కలన్నీ కలిసి ఎలా ఒక గుంపో, అలాంటి ఇంకో గుంపు. ఒక్క ఫోటోలో అర నిమిషం వెలుగే పడుతుంది కాబట్టి మరకలా ఉంటుంది. వందల ఫోటోల్ని అంచుకి అంచు తప్పకుండా ఒకదాని మీద ఒకటి పరిస్తే, కనపడనిది మెల్లగా పైకి తేలుతుంది. ఆమె చెప్పిన పాత ముడత అదే.

ఒక సంగతి అడగాలి. కెమెరా ప్రతి ఫోటోకీ వరస అంకె వేస్తుంది. ఇందులో 212 తర్వాత ఏకంగా 237 ఉంది. అది పంపుహౌస్ మెట్ల మీద బల్బు. దిగేటప్పుడు తీసినట్టుంది. మధ్యలో ఇరవై నాలుగు లేవు. మీరు పనికిరావని తీసేసినవి అవేనా? వాటిలో ఏముందో దయచేసి రాయండి. టపా కట్టే వేళయింది, ఆగుతున్నాను.

ఇట్లు,
గడియారాల పనివాడు


హోటల్ లాండ్రీ వెనక గది,
జనవరి 3

మాస్టారూ,

మీరు పట్టేస్తారని అనుకోలేదు.

వాటిలో ఏమీ లేదు. నలుపు. ఇరవై నాలుగూ నలుపే. చుక్క కూడా లేదు. అది కెమెరాకి మూత తీయడం మర్చిపోయింది.

చెత్తబుట్ట బొమ్మున్న మీట నొక్కి, ఒక్కొక్కటే చెరిపింది నేనే. మీరు దాన్ని అంతగా మెచ్చుకుంటూ రాశారు. ఇవి చూస్తే మీ కళ్లలో అది తెలివితక్కువది అయిపోతుందని భయపడ్డాను. చచ్చిపోయాక కూడా బిడ్డ పరువు కాపాడుకోవాలని ఉంటుందండీ తల్లికి.

ఇంకోటి కూడా ఉంది. అవి ఉన్నన్నాళ్లూ నేను వాటినే చూసేదాన్ని. డ్యూటీ దిగొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కెమెరా తెరిచి ఆ నలుపు ముందు కూర్చునేదాన్ని. డాక్టరమ్మ అడిగింది అదే కదా, చేసే పని మధ్యలో మర్చిపోయిందా అని. రెండు వందల పన్నెండు సరిగ్గా తీసిన పిల్ల, మూత ఉందని కూడా తెలియకుండా ఇరవై నాలుగు తీసిందంటే, అప్పటికే దాని తల పని చేయడం లేదు. ఆ తలతోనే చీకట్లో స్కూటర్ నడుపుకుంటూ ఇంటికొచ్చింది. నేను తలుపు తీసి, దాని ముఖం చూడకుండా మళ్లీ పడుకున్నాను. లైటు వేసి ఒక్కసారి చూసుంటే తెలిసేదేమో. ఆసుపత్రి పక్క వీధిలోనే ఉంది.

ఈ మాట ఇక్కడెవరికీ చెప్పలేదు. మీరు ఉన్నదున్నట్టు చెప్పండి. నన్ను ఓదార్చడానికి అబద్ధం రాయకండి. మీరు పనివాళ్లు, పని చూసి మనిషి సంగతి చెప్పగలరు.

తల్లి


గడియారాల కొట్టు,
జనవరి 8

చెల్లెమ్మా,

మీ అమ్మాయి మూత మర్చిపోలేదు. కావాలని పెట్టింది. ఈ ముక్క రెండుసార్లు చదివి, తర్వాత కిందకి రండి.

కెమెరా కూడా ఒక పరికరమే, దానికీ లోపాలుంటాయి. చీకట్లో అర నిమిషం కన్ను తెరిచి ఉంచితే, లేని చోట ఎర్రవీ నీలివీ నలుసులు పుట్టిస్తుంది. చూసేవాళ్లకి అవీ చుక్కల్లాగే ఉంటాయి. ఏది ఆకాశంలోది, ఏది కెమెరా సొంతం? తెలుసుకోవడానికి ఒకటే దారి. పని అంతా అయ్యాక, కెమెరా చల్లదనం మారకముందే, మూత పెట్టి మళ్లీ అన్నే సెకన్లు ఫోటోలు తీయాలి. మూత ఉన్నా కనబడే నలుసు కెమెరాదే. దాన్ని అసలు బొమ్మలోంచి తీసేస్తాం. మీకు అవి ఉత్త నలుపుగా కనబడ్డాయి గానీ పెద్దవి చేసి చూస్తే ఆ నలుసులు కనబడతాయి.

నాకు తెలిసినవాళ్లలో సగం మంది ఈ పని ఎగ్గొడతారు. చలి, నిద్ర, బొమ్మ ఎలాగూ పడిందిలే అన్న ధీమా. ఆమె ఏనాడూ ఎగ్గొట్టలేదు. ఆ రాత్రీ ఎగ్గొట్టలేదు. తల పనిచేయని మనిషి మూత తీయడం మర్చిపోవచ్చు. కానీ ఎప్పటిలాగే సరిగ్గా ఇరవై నాలుగు లెక్కపెట్టి తీసి, తర్వాత మూత తీసి, మెట్ల మీద బల్బుని స్పష్టంగా ఫోటో తీసి దిగదు. పని చూసి మనిషి సంగతి చెప్పమన్నారు. చెబుతున్నాను. స్క్రూ చివరి పావు చుట్టు వరకూ, చివరి మూత ఫోటో వరకూ ఆమె పూర్తిగా తన చేతుల్లో తాను ఉంది.

ఇక చెరిపిన వాటి సంగతి. వెనక్కి తేవాలని చూశాను, రాలేదు. అవి లేకుండానే పరిచి చూస్తే దేవయాని చుట్టూ ఎర్ర నలుసులు చల్లినట్టున్నాయి. కానీ బాధపడకండి, ఆ ఇరవై నాలుగూ మళ్లీ తీయొచ్చు. అదే కెమెరా కావాలి, అర నిమిషం కావాలి, అంతే చల్లదనం కావాలి. మాది సముద్రం పక్క ఊరు, ఇక్కడ అంత చలి రాదు. మీరే తీయాలి. ఆ రాత్రి పదకొండింటికి ఆమె పంపిన కబురులో చలి తొమ్మిది డిగ్రీలని ఉంది. కార్డు తిప్పి పంపుతున్నాను. ఏ మీట ఎన్నిసార్లు నొక్కాలో బొమ్మ గీసి పెట్టాను. మీకు చేతనవుతుంది. వాళ్లమ్మ కదా మీరు.

ఇట్లు,
అన్నయ్య అనుకోండి


హోటల్ లాండ్రీ వెనక గది,
జనవరి 27

అన్నయ్యా,

రెండుసార్లు చదవమన్నావు. ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. మడత దగ్గర కాగితం చిరిగితే వెనక అట్ట అంటించాను. 'నువ్వు' అంటున్నానని ఏమీ అనుకోకు. 'మీరు' అంటే ఈ ఉత్తరం నేను రాయలేను.

ఆ రోజు బల్ల దగ్గర పెట్టె పట్టుకుని గట్టిగా అనేశాను, "మా అమ్మాయి మర్చిపోలేదటే!" అని. సగం మందికి ఏమిటో తెలియకపోయినా చప్పట్లు కొట్టారు.

మా పనిలోనూ ఇది ఉంది. కొత్త విడత దుప్పట్లు రాగానే, ముందే ఉన్న మరకల పక్కన దారంతో గుర్తు కుడతాం. ఉతికాక మిగిలిన మరక ముందునుంచీ ఉన్నదో, ఇప్పుడు పడిందో తెలియాలిగా. అది చిన్నప్పుడు నా పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించేది. ఎవరి దగ్గర నేర్చిందో నాకిప్పుడు కాస్త గర్వంగా ఉంది. తప్పయితే నవ్వుకో.

చలి మాత్రం మోసం చేసింది. వంటింటి థర్మామీటర్ అడిగి తెచ్చి రోజూ మేడ మీద చూశాను. పద్నాలుగు, పదమూడు, ఒక రాత్రి పన్నెండు, మళ్లీ పదిహేను. చలికాలం వెళ్లిపోతోంది. ఇక ఈ ఏటికి తొమ్మిది రాదని ఏడుపొచ్చింది. థర్మామీటర్ తిరిగివ్వడానికి వంటింట్లోకి వెళితే, కూరగాయల చలిగది తలుపు మీద ఎర్ర అంకె వెలుగుతోంది. తొమ్మిది.

వంటమాస్టర్ ముందు ఒప్పుకోలేదు. "కూరగాయల గదిలో కెమెరా ఏంటక్కా? మా మీద దొంగకేసు రాయడానికి మేనేజర్ పంపాడా?" అన్నాడు.

"కాదురా. మా అమ్మాయి పని కొంచెం మిగిలిపోయింది" అన్నాను. వెంటనే తన చలికోటు విప్పి నా భుజాల మీద వేశాడు.

నువ్వు రాసినట్టే కెమెరాని గంటసేపు అక్కడ ఉంచి చల్లబడనిచ్చాను. తర్వాత బంగాళాదుంపల బస్తా మీద కూర్చుని మొదలుపెట్టాను. వాడు తలుపు తీసి తొంగిచూశాడు.

"అక్కా, మూత తీయలేదు నువ్వు!"

"మూత పెట్టే తీయాలి."

"మూత పెట్టి తీస్తే ఏం పడుతుంది?"

"ఏమీ పడకూడదు."

కాసేపు బుర్ర గోక్కున్నాడు. "మరి క్యాబేజీలన్నీ ఇటు తిరిగి సర్దుక్కూర్చున్నాయి, పాపం" అన్నాడు. నవ్వేశాను అన్నయ్యా. ఆ పన్నెండో తారీఖు తర్వాత అదే మొదటిసారి. నోట్లోంచి పొగ వచ్చింది.

అంతా కలిపి పన్నెండు నిమిషాలు. కానీ అక్కడ కూర్చుంటే తెలిసింది. చూడ్డానికేమీ లేదు. టక్కుమంటుంది, అర నిమిషం ఊపిరి బిగబట్టి కూర్చోవాలి, మళ్లీ టక్కు. పదిహేనో దానికి వేళ్లు మొద్దుబారి, చాల్లే, పదిహేను సరిపోవా అనిపించింది. సరిపోతాయేమో కూడా. అది మాత్రం అసలు పని అయిపోయాక, అంతసేపు మేడ మీద నిలబడ్డాక, ఎవరూ చూడని ఈ పనిని ఇరవై నాలుగూ తీసింది. దాని ఓపిక ఎంతో నువ్వు ఉత్తరాల్లో చెబితే మెచ్చుకున్నాను. బస్తా మీద కూర్చున్నాక నమ్మాను.

కార్డు మళ్లీ సబ్బు పెట్టెలోనే పంపుతున్నాను.

ఒకటి అడగాలి. ఆ రాత్రి పదకొండింటికి నీకు కబురు పంపిందని రాశావు. చలి తొమ్మిది అని ఉందన్నావు. అయితే ఆ రోజు మీరిద్దరూ మాట్లాడుకున్నారు. నేను మొదట్నుంచీ అడుగుతున్నది అదే కదా. ఆ కబుర్లలో ఇంకేముంది అన్నయ్యా?

నీ చెల్లెలు


గడియారాల కొట్టు,
ఫిబ్రవరి 10

చెల్లెమ్మా,

బొమ్మ పంపుతున్నాను. రెండు అట్టల మధ్య పెట్టాను, వంచకుండా తీయి.

ముందు బొమ్మ గురించి రాస్తాను. దాని గురించి రాసే ధైర్యం మాత్రం ఉంది. నీ ఇరవై నాలుగూ పెట్టి తీసేయగానే ఎర్ర నలుసులు ఒక్కసారిగా పోయాయి. రెండేళ్లవీ, ఆ రాత్రివీ అన్నీ కలిపి పరిచాను. నీకు మరకగా కనబడినది తెర అంతా పరుచుకుంది. మధ్యలో పాలమీగడ రంగు, చుట్టూ నీలం, ఆ నీలంలో నల్లటి చారలు. కింద అలాంటి చిన్న గుంపొకటి, పక్కన ఇంకోటి తోడు కూర్చున్నాయి. పెళ్లిళ్లలో దండలు మార్చుకోవడాన్ని తీసిన కెమెరా ఇది చూసిందంటే నమ్మబుద్ధి కాదు. చెప్పుల కొట్టాయన పది నిమిషాలు చూసి, పలక మీద ఒకటే రాశాడు: "ఇది చేత్తో తిప్పిందా?"

ఇక నువ్వడిగింది.

ఆ సాయంత్రం అయిదింటికి ఆమె రాసింది: "మాస్టారూ, పొద్దుట్నుంచీ తల బరువుగా ఉంది. ఇవాళ మానేసి రేపు వెళ్లనా?" నేను రాసిన జవాబు ఇది: "రేపు మబ్బు. తర్వాత వెన్నెల. ఈ నెలకి ఇదే ఆఖరి రాత్రి. మాత్ర వేసుకుని వెళ్లు." పదకొండింటికి మళ్లీ రాసింది: "చలి తొమ్మిది డిగ్రీలు. తల తగ్గింది. చుక్కలు సూదిమొనల్లా ఉన్నాయి." నిజంగా తగ్గిందో, నేను నొచ్చుకోకూడదని రాసిందో నాకు తెలియదు. రోజూ ఆ మాట తీసి చూస్తున్నాను.

నువ్వు మొదటి ఉత్తరంలోనే అడిగావు. నాలుగు పేజీలు నింపి ఆ ఒక్కటీ దాచాను. మూత సంగతి తెలిసినప్పుడు నీకు ఊరట ఇచ్చే మాట నా దగ్గరుందని సంతోషించాను, దాని చాటున నా మాట దాచుకున్నాను. ఆమె పనిలో తడబడలేదని రాసింది నిజం. తల బరువుగా ఉన్న పిల్లని వెళ్లమన్నది నేను. ఆ చెక్క చేసిందీ నేనే. దాన్ని పొయ్యిలో పెట్టెయ్యి. నువ్వు రాయమంటే తప్ప ఇక నా నుంచి ఉత్తరం రాదు.

అన్నయ్య అనిపించుకునే అర్హత ఉందో లేదో


హోటల్ లాండ్రీ వెనక గది,
ఫిబ్రవరి 24

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. మొదటి రోజు చెక్క చంకలో పెట్టుకుని వంటింటి పొయ్యి దాకా వెళ్లాను. నిన్ను తిట్టని తిట్టు లేదు. నీకెలాగూ వినపడదు, మంచిదే అయింది. వంటమాస్టర్ నా చేతిలోంచి లాక్కుని, "రేపు కాలుద్దువు గాని అక్కా, ఇవాళ మంట లేదు" అన్నాడు. వాడి వెనక నాలుగు పొయ్యిలు భగభగ మండుతున్నాయి.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. "తలబరువన్న రోజే తీసుకొస్తే బతికేదా?" అని అడిగాను. ఆమె కళ్లజోడు తీసి, "నేను చెప్పలేనమ్మా. తెలిసినట్టు చెబితే అబద్ధమవుతుంది" అంది. ఆ మాటతో ఇంటికొచ్చాను.

అసలు నాకు కోపం దేనికొచ్చిందో తెలుసా? అది నీకు చెప్పిందని కాదు. నాకూ చెప్పింది.

నీకు ఇన్ని ఉత్తరాలు రాసి, నీకేమైనా చెప్పిందా నీకేమైనా చెప్పిందా అని అడిగిన మనిషిని నేను. ఆ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి గోడకి చేరగిలబడ్డాను. అది వచ్చి నా ఒళ్లో తల పెట్టి, "అమ్మా, ఇక్కడ కాస్త నొక్కవూ" అంది. "నా చేతులు మండిపోతున్నాయే, పెట్టె పట్టీ పట్టీ. వేడినీళ్లు తాగు, పోతుంది" అన్నాను. "సరేలే" అని లేచి, తలకి గుడ్డ కట్టుకుని, కెమెరా సంచీ తీసుకుంది. ఇంత బరువున్న తల అది. నా ఒళ్లో ఇంకా ఉంది.

డాక్టరమ్మకి చెప్పలేదు. నీకు చెప్పలేదు. నువ్వు 'నాకేమీ చెప్పలేదు' అని రాస్తే, ఎవరికీ పెద్దగా చెప్పలేదు కాబట్టి అది పెద్ద నొప్పి కాదని నన్ను నేను నమ్మించుకుందామనుకున్నాను. నీ జవాబు రాకపోతే భయం, వస్తే భయం. నువ్వు చాటున దాచుకున్నావని రాశావు. నేను నీ వెనక దాక్కున్నాను.

నువ్వు వెళ్లమన్నావు, నేను పొమ్మన్నట్టే చేశాను. కానీ వెళ్లింది అది. నాలుగు వందల ఇరవై నాలుగు సార్లు తిప్పింది నువ్వు కాదు, నేను కాదు. మనిద్దరి మాటల వల్లే వెళ్లిందనుకుంటే దాని పనిని మనం తక్కువ చేసినట్టు. దాన్ని పక్కన పెట్టి మనిద్దరం తప్పు పంచుకోవడం ఏం బాగుంది?

బొమ్మ ఇస్త్రీ బల్లల గదిలో పెట్టాను. మా సూపర్వైజరమ్మ సంగతి నీకు తెలియదు. కొత్త దుప్పటి విప్పినా ఏదో ఒక మరక వెతికి పట్టుకునే మనిషి. కళ్లజోడు పెట్టుకుని బొమ్మకి ముక్కు ఆనించి ఈ మూల నుంచి ఆ మూల దాకా చూసింది. అందరం పని ఆపి చూస్తున్నాం. "ఒక్కటి కూడా లేదు" అంది చివరికి. ఆమె నోట ఆ మాట పదకొండేళ్లలో వినలేదు.

చెక్క కాల్చలేదు. కాల్చను. స్క్రూ పిడి దాని చేతి చెమటకి నల్లబడి ఉంది, అక్కడ నా వేళ్లు పెడితే సరిపోయాయి. పంపుహౌస్ ఆపరేటర్ని అడిగితే, "మెట్ల బల్బు ఆర్పి ఉంచుతా, ఎప్పుడొచ్చినా రండమ్మా" అన్నాడు. ఈసారి మూత తీసి ఎలా తీయాలో రాయి. వచ్చే అమావాస్య వారంలో ఏం కనబడుతుందో, నాలాంటిదానికి సులువుగా దొరికేది ఏదుందో రాయి. మీటల బొమ్మ మళ్లీ గీయి, కాస్త పెద్దగా. పాతదాని మీద క్యాబేజీ నీళ్లు పడ్డాయి.

ఒక్క షరతు. నాకెప్పుడైనా తలనొప్పి వస్తే నీకు రాస్తాను. అప్పుడు 'వద్దు, ఇవాళ వెళ్లకు' అని రాయాలి నువ్వు. ఆ ఉత్తరం నాకు చేరేసరికి నొప్పి తగ్గి వారం అవుతుందని తెలుసు. అయినా సరే, రాయి.

నీ చెల్లెలు